వైరసు జన్యువులు – రాచపుండు

గౌతమీనది సముద్రమును చేరుటకు కొంచెము ఎగువను, కోరంగిపాయ దానినుండి చీలుచోట, యానాము అను చిన్న పట్టణము కలదు. దానిచుట్టును ఆంధ్రప్రదేశపు గోదావరిసీమ. పరిపాలన మాత్రము పుదుచ్చేరిది. 1954వ సంవత్సరము జూన్ నెలవరకు అచ్చట ఫ్రెంచివారి పతాకము ఎగురుచుండెడిది. ఆ ఫ్రెంచివారి దేశముననే 1885వ సంవత్సరమున లూయీ పాశ్చరు అను శాస్త్రజ్ఞుడు, పిచ్చికుక్క కరచిన జోసెఫ్ మైస్టరు అను తొమ్మిదేండ్ల బాలునకు టీకాలు వేసి ప్రాణము నిలిపెను. కుక్కనుండి మనుష్యునకు సంక్రమించు వైరసును గెలిచిన కథ అది. వైరసులోని ఒక చిన్నభాగమును వేరుచేసి, దానినే కుక్కకు మందుగా ఇయ్యజూచుచున్న కథ మరియొకటి కలదు. అది ఇంకను ముగియలేదు.

యానాములో గౌతమియొడ్డున పడవ నడుపుకొని జీవించు కుటుంబ మొకటి యున్నదనుకొందము. వారింట రాణి యను నాటుకుక్క కలదు. దాని వయస్సు పదియేండ్లు. రాత్రివేళ పడవ వచ్చుచున్నదని అందరికంటె ముందు తెలిసికొని రేవునకు పరుగెత్తునది అదియే. ఒకనాడు ఆ యింటి బాలిక దానికి నీళ్ళు పోయుచుండగా, పొట్టక్రింద చన్నుల వరుసలో నిమ్మకాయంత గడ్డ చేతికి తగిలెను. "ఏదో పురుగు కుట్టియుండునులే, పసుపు రాయుమమ్మా" అని తాత చెప్పెను. పసుపు రాచిరి. రెండునెలలు గడచెను. నిమ్మకాయ బత్తాయి యయ్యెను. అప్పుడు తాతయు మనుమరాలును రాణిని ఆటోలో ఎక్కించుకొని పశువైద్యశాలకు పోయిరి.

"డాక్టరుగారూ, మా రాణి బ్రదుకునా?" అని బాలిక అడిగెను.

"ఇప్పుడే చెప్పలేనమ్మా. ఈ గడ్డను కోసి తీసివేయవలెను. తీసిన ముక్కను సూక్ష్మదర్శినిక్రింద చూచినగాని అది మంచిదో చెడ్డదో తెలియదు. ఊపిరితిత్తులకు ప్రాకినదేమో ఎక్సురే తీయించి చూడవలెను."

"కోయకుండ మందుతో కరగిపోదా?"

ఆ ప్రశ్నకు వైద్యుడు వెంటనే సమాధానము చెప్పలేకపోయెను. చెప్పలేకపోవుట ఆయన లోపము కాదు. లోకమునందలి గొప్ప ప్రయోగశాలలు అదే ప్రశ్నను నేటికిని వేసికొనుచున్నవి.

ఆడకుక్కలకు వచ్చు కంతులలో చన్నుల కంతులే మిక్కిలి సాధారణమైనవి. వానిలో దాదాపు సగము నిరపాయకరమైనవి. తక్కినవి మన పెద్దలు రాచపుండు అని పిలిచినట్టివి. దానినే నేడు క్యాన్సరు అనుచున్నాము. రాచపుండు బయటినుండి వచ్చిన శత్రువు కాదు. శరీరము కోటానుకోట్ల కణములతో కట్టబడినది. ప్రతి కణమునకును ఎప్పుడు రెండుగా చీలవలెనో, ఎప్పుడు ఆగవలెనో, ఎప్పుడు నశింపవలెనో జన్యువులలో ఆజ్ఞలు వ్రాయబడి యున్నవి. ఏ కారణముచేతనో ఆ ఆజ్ఞలలో కొన్ని చెడిపోయినచో, ఆ కణము ఆగుట మరచి చీలుచునే యుండును. దాని సంతతియే కంతి. కొంతకాలమునకు అందుండి కొన్ని కణములు విడివడి, రక్తప్రవాహముతో పోయి, ఊపిరితిత్తులలోనో కాలేయములోనో కాపురము పెట్టును. ప్రాణము తీయునది తరచుగా ఈ రెండవ కాపురమే.

డెల్టాలో పొలము చూచిన వారికి ఈ చిక్కు సులభముగా తెలియును. వరిచేనిలో ఊద మొలచును. లేతదశలో ఊద వరివలెనే యుండును. కలుపు తీయువారి కన్ను ఏమరినచో వరి ఊడివచ్చును, ఊద నిలిచిపోవును. రాచపుండు కణము శరీరముయొక్క స్వంతకణమునుండియే పుట్టినది గనుక, వైద్యునకు వరిని, ఊదను వేరుపరచు కన్ను కావలెను. ఈ వ్యాధిచికిత్స చరిత్రలో పెద్దభాగము ఆ కంటికొరకు జరిగిన వెదకులాటయే.

ఆ వెదకులాటలో గోదావరిసీమకును పాలు కలదు. 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించి, రాజమహేంద్రవరమున కొంతకాలము చదివిన యల్లాప్రగడ సుబ్బారావు 1923లో అమెరికాకు పోయెను. అచ్చట లెడర్లే ప్రయోగశాలలో ఆయనయు, సహచరులును 1945 నాటికి ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసిరి. కణము చీలుటకుముందు తన జన్యువులకు నకలు వ్రాసికొనవలెను. ఆ పనికి ఫోలిక్ ఆమ్లము కావలెను. పిమ్మట వారు ఫోలిక్ ఆమ్లమును పోలియుండియు దాని పని చేయని అమినాప్టెరిన్ అను పదార్థమును తయారుచేసిరి. కణము మోసపోయి దానిని గ్రహించును. నకలు వ్రాయుట ఆగిపోవును. బోస్టను నగరమున సిడ్నీ ఫార్బరు అను వైద్యుడు రక్తపు క్యాన్సరుతో బాధపడుచున్న పిల్లలకు దానిని ఇయ్యగా, కొందరిలో వ్యాధి కొంతకాలము శమించెను. ఆ సంగతి 1948లో ప్రకటింపబడెను. అదే సంవత్సరము ఆగస్టులో సుబ్బారావు కన్నుమూసెను. ఆ కుటుంబమునకు చెందిన మెథోట్రెక్సేటు అను మందు మనుష్యులకు నేటికిని వాడుకలో నున్నది.

మరియొక మందు మన పెరటిలోనిదే. బిళ్ళగన్నేరు మొక్కను ఎరుగనివా రుండరు. దాని పుట్టినిల్లు మడగాస్కరు ద్వీపము. 1950, 1960 దశకములలో ఆ మొక్కనుండి విన్‌బ్లాస్టిను, విన్‌క్రిస్టిను అను రెండు మందులను తీసిరి. టన్నులకొలది ఆకును శుద్ధిచేసినచో చేతికి వచ్చునది కొద్దిగ్రాములే. వీధికుక్కలలో కనబడు ఒక వింతకంతికి విన్‌క్రిస్టిను దివ్యౌషధము. ఈ కంతి ఒక కుక్కనుండి మరియొక కుక్కకు అంటుకొనును. అంటించునది సూక్ష్మజీవి కాదు. కంతికణమే స్వయముగా క్రొత్తకుక్కపై నాటుకొనును. వేలయేండ్లక్రిందట ఎచ్చటనో బ్రదికిన ఒకే కుక్కలో ఇది పుట్టినదనియు, ఆ కుక్క చచ్చినను దాని కణములు నేటివరకు ఒకదానినుండి మరియొకదానికి మారుచు బ్రదికియున్నవనియు జన్యుపరీక్షలవలన తెలిసినది. సెంటుపీటర్సుబర్గునకు చెందిన నోవిన్‌స్కీ అను పశువైద్యుడు 1876లోనే ఈ కంతిని ఒక కుక్కనుండి వేరొక కుక్కకు నాటి చూపెను. రాచపుండు నొకదానిని ప్రయోగపూర్వకముగా మార్పిడిచేయుట అదియే మొదలు. పశువైద్యులు మనుష్యవైద్యమునకు చేసిన ఉపకారములను లోకము తగినంతగా చెప్పుకొనదు.

ఈ మందులన్నిటికిని ఒక కొరత కలదు. వడిగా చీలు కణమేదైనను వీనికి ఊదవలెనే కనబడును. పేగులలోపలి పొరలు, ఎముకలలోని మూలుగ, వెండ్రుకల కుదుళ్ళు – ఇవియు వడిగా చీలునవే. కావుననే రోగికి వాంతులు, రక్తహీనత, వెండ్రుకలు రాలుట మొదలగు బాధలు కలుగుచున్నవి. పైగా చన్నుల కంతులపై ఈ మందుల ప్రభావము తక్కువ. రాణివంటి కుక్కకు కత్తియే ముఖ్యశరణ్యము.

ఇక వైరసులను గూర్చి చెప్పవలెను. వైరసు అనగా కవరులో పెట్టిన లేఖవంటిది. పైపొర మాంసకృత్తులతో చేసిన కవరు. లోపల జన్యువులతో వ్రాసిన లేఖ. లేఖ తనంతట తాను ఏపనియు చేయలేదు. కణమను ఇంటిలో ప్రవేశించి చదువబడినప్పుడే దాని ప్రభావము తెలియును. చదివిన కణము తన పనులు మాని ఆ లేఖకే నకళ్ళు వ్రాయసాగును. తుదకు చాల కణములు చచ్చును.

కొన్ని లేఖలు కణమును చంపక, ఆగకుండ చీలుమని ఆజ్ఞాపించును. 1911వ సంవత్సరమున న్యూయార్కులో పేటన్ రౌస్ అను శాస్త్రజ్ఞుడు ఒక కోడికి వచ్చిన కంతిని నూరి, కణములు దాటిపోలేని వడపోత గుండ ఆ రసమును వడగట్టి, ఆరోగ్యవంతమైన కోళ్ళకు ఎక్కించెను. వానికిని కంతులు పుట్టెను. కంతిని కలిగించునది వైరసే యని ఆయన తెలిపినప్పుడు నమ్మినవారు మిక్కిలి తక్కువ. 1966లో, అనగా 55 సంవత్సరముల తరువాత, ఆయనకు 87వ యేట నోబెల్ బహుమతి లభించెను. అంతకాలము వేచియుండుటకు ఆయుర్దాయమును కావలెను గదా!

రౌసు చూపినది వైరసు జన్యువు చేయు కీడు. వేరొక వైరసు జన్యువుతో ఆ కీడును మాన్పవచ్చునా అను ప్రశ్న తరువాతి తరములది. దానికి మొదట దొరికిన ఆశాజనకమైన సమాధానము మరల కోడినుండియే వచ్చెను.

అనపర్తి ప్రాంతమున కోళ్ళఫారములు మెండు. అచ్చటి రైతులు కొక్కెరవ్యాధికి భయపడుదురు; దానికి టీకా కలదు. అంతగా పేరుపడనిది కోడిపిల్లల రక్తహీనతవ్యాధి. దీనికి కారణమైన వైరసును 1979లో జపానుదేశమున కనుగొనిరి. దాని లేఖ మిక్కిలి చిన్నది. సుమారు 2,300 అక్షరములు మాత్రమే. అందు మూడే మూడు జన్యువులు. మూడవ జన్యువు 121 అమైనో ఆమ్లములుగల చిన్న ప్రోటీనును తయారుచేయించును. హాలెండుదేశపు లైడెను నగరమున నోట్‌బోర్న్ అను శాస్త్రజ్ఞుడును, సహచరులును ఈ ఒక్క జన్యువునే వేరుచేసి కణములలో ప్రవేశపెట్టగా, 1994లో ఒక విశేషము బయటపడెను. ఆ ప్రోటీను ఒక్కటియే కణమును చంపగలదు. అదియును పొడిచి చంపినట్లు గాక, కణము తన్ను తానే కూల్చుకొనునట్లు చేయును.

కణము తన్ను తానే కూల్చుకొనుట అనగా నేమి? తోకకప్ప కప్పగా మారునప్పుడు దాని తోక ఏమగుచున్నది? ఎవరును కోయరు, కుళ్ళి రాలదు. తోకలోని కణములు ఆజ్ఞ అందగానే క్రమముగా ముక్కలై కరగిపోవును. ఇట్టి ఆజ్ఞ మన కణములన్నిటియందును వ్రాయబడి యున్నది. చెడిపోయిన కణము మామూలుగా ఈ విధముననే తొలగిపోవును. పి-53 అను ప్రోటీను ఈ విషయమున కావలివానివంటిది. కాని మనుష్యుల రాచపుండులలో సుమారు సగమింట ఆ కావలివాడే చెడిపోయియుండును. కోడివైరసు ప్రోటీనుకు ఆ కావలివాని సాయము అక్కరలేదు. ప్రక్కత్రోవన పోయి ఆజ్ఞను అమలుజరుపును. దానికి ఆపాప్టిన్ అని పేరిడిరి.

1997లో అదే బృందమువారు ప్రకటించిన సంగతి మరింత ఆశ్చర్యకరమైనది. రాచపుండు కణములలో ఆపాప్టిన్ కణకేంద్రములోనికి పోయి ఆ కణమును చంపినది. మామూలు కణములలో అది కేంద్రము వెలుపలనే నిలిచి మిన్నకున్నది. వరిని, ఊదను వేరుపరచు కన్ను దొరకినదని పలువురు సంతసించిరి. ఆ సంతోషము కొంత తొందరపాటే. ఈ భేదము ప్రతిచోటను అంత స్పష్టముగా కనబడలేదనియు, ప్రోటీను మోతాదునుబట్టి మారుచున్నదనియు వేరు ప్రయోగశాలలవారు తరువాత వ్రాసిరి. శాస్త్రమున మొదటిమాట తుదిమాట యగుట అరుదు.

కుక్కల వైరసులోను ఇట్టి జన్యువు కలదు. కుక్కపిల్లలను పెంచినవారు పార్వో అను పేరు విని భయపడుదురు. రక్తవిరేచనములు, వాంతులు కలిగి, పిల్ల రెండుమూడు దినములలోనే చచ్చును. 1978 ప్రాంతమున బయటపడి కొద్దికాలములోనే ప్రపంచమంతట వ్యాపించిన వ్యాధి ఇది. ఈ వైరసు వడిగా చీలు కణములను కోరును. కావుననే పిల్లల పేగులను పట్టును. దాని లేఖ సుమారు 5,000 అక్షరములు. అందు ఎన్.ఎస్.1 అను ప్రోటీనును తయారుచేయించు జన్యువు కణమరణమునకు ముఖ్యకారణము.

ఉత్తరప్రదేశములో బరేలీచెంత ఇజ్జత్‌నగరున భారత పశువైద్య పరిశోధనసంస్థ కలదు. 1889లో పూనాలో చిన్న ప్రయోగశాలగా ప్రారంభమై, హిమాలయములలోని ముక్తేశ్వరమునకు పోయి, తరువాత ఇజ్జత్‌నగరునకు విస్తరించినది. పార్వో వైరసునుండి ఎన్.ఎస్.1 జన్యువును మాత్రమే తీసి, ఇచ్చటి శాస్త్రజ్ఞులు గాజుపాత్రలలో పెంచిన రాచపుండు కణములలో ప్రవేశపెట్టిరి. కణములు తమ్ము తామే కూల్చుకొనెను. పి-53 ప్రమేయము లేకుండగనే ఇది జరిగినదనియు కనిపెట్టిరి. పిమ్మట చన్నుల కంతులు గల ఎలుకలపై ప్రయోగింపగా కంతుల పెరుగుదల మందగించెను. 2016 ప్రాంతమున ఈ ఫలితములు ప్రకటితమయ్యెను. కుక్కపిల్లలను చంపు వైరసునుండి తీసిన ఒక్క జన్యువు కుక్కల కంతులను అడచునేమో యను ఆశ దీనివలన కలిగినది. జన్యువు ఒక్కదానిచేత పార్వోవ్యాధి రాదు. నకళ్ళు వ్రాయించుకొనుటకు వలసిన తక్కిన లేఖ అందు లేదు గదా.

ఎలుకను దాటి, ఇండ్లలో పెరుగు కుక్కలదాక పోయిన చికిత్సయు ఒకటి కలదు. అర్జెంటీనాదేశపు బ్యూనస్ అయిరీసు నగరమున నోటిలో నల్లకంతులు పుట్టిన కుక్కలకు శస్త్రచికిత్స చేసి, కంతియున్న తావున హెర్పీసు వైరసునకు చెందిన ఒక జన్యువును క్రొవ్వుబిందువులలో చుట్టి ఎక్కించిరి. ఈ జన్యువు తనంతట కణమును చంపదు. అది తయారుచేయించు ఎంజైము, గాన్‌సైక్లోవిర్ అను మందును విషముగా మార్చుటకు నాంది పలుకును. జన్యువులేని కణమున ఆ మందు మందుగానే యుండును. జన్యువున్న కణమున విషమగును. అంతియే కాదు, ఆ విషము ప్రక్కకణములకును ప్రాకుటవలన జన్యువు అందని కంతికణములు కూడ కొన్ని చచ్చును. రోగనిరోధకశక్తిని రేపు టీకాతో కలిపి ఈ చికిత్స చేయగా, శస్త్రచికిత్స మాత్రమే పొందిన కుక్కలకంటె ఇవి ఎక్కువకాలము బ్రదికెనని 2008లో ప్రకటించిరి.

కుక్కలపై ఇంత శ్రద్ధ దేనికని కొందరు అడుగవచ్చును. ఎలుకకు కంతిని శాస్త్రజ్ఞుడు నాటును. కుక్కకు దానియంతట అదే వచ్చును. కుక్క మన యింటిలో మన గాలిని పీల్చుచు, మన కంచములోని మిగులు తినుచు ముసలిదగును. దాని రాచపుండు అనేకవిధముల మనుష్యుని రాచపుండును పోలియుండును. దాని ఆయువు తక్కువ గనుక ఫలితము త్వరగా తెలియును. అయినను ప్రయోగమనగా ప్రాణితో పని. మనదేశమున జంతువులపట్ల క్రూరత్వమును నిషేధించు చట్టము 1960లో వచ్చినది. జంతుప్రయోగములను పరిశీలించు సంఘము దానిక్రింద ఏర్పడినది. కుక్క తనకు సమ్మతమని చెప్పలేదు గావున, ఆ బాధ్యత యజమానిపైనను, వైద్యునిపైనను పడుచున్నది.

మరి, యానామునందలి వైద్యుడు ఈ మందు నేల ఇయ్యలేకపోయెను? జన్యువు దొరకినంతమాత్రమున మందు దొరకినట్లు కాదు. లేఖ యున్నది, బట్వాడా చేయు తపాలాబంట్రోతు సరిగా లేడు. బత్తాయంత కంతిలో కోట్లకొలది కణములుండును. సూదితో ఎక్కించిన జన్యువు వానిలో కొద్దింటికే అందును. క్రొవ్వుబిందువులలో చుట్టిన జన్యువు అనేకకణములలో ప్రవేశింపకయే నశించును. వ్యాధి కలిగింపలేనట్లు చేసిన వేరొక వైరసును వాహనముగా వాడినచో బట్వాడా మెరుగగును; కాని శరీరముయొక్క రక్షకదళము ఆ వైరసును గుర్తించి దారిలోనే నాశనముచేయును. ఊపిరితిత్తులకు ప్రాకిన కణములను వెదకి పట్టుట ఇంకను కష్టము. మనుష్యుల విషయమున ఒక అడుగు ముందు పడినది: మార్పుచేసిన హెర్పీసు వైరసును చర్మముపై పుట్టు ఒకవిధమైన కంతులలోనికి ఎక్కించుటకు 2015లో అమెరికా ప్రభుత్వము అనుమతించెను. గ్రామమునందలి పశువైద్యశాల బీరువాలో ఆపాప్టిన్ సీసా గాని, ఎన్.ఎస్.1 సీసా గాని లేదు.

కావున యానాము వైద్యుడు తన చేతిలోనున్న విద్యనే ఆశ్రయించెను. ఎక్సురేలో రాణి ఊపిరితిత్తులు నిర్మలముగా కనబడెను. అది సగము ధైర్యము. మరునాడు మత్తిచ్చి, గడ్డను దానిచుట్టు కొంత మంచికండతోసహా తీసివేసి, కుట్లువేసెను. తీసిన ముక్కను ఫార్మలిను సీసాలో పెట్టి పరీక్షకు పంపెను.

"మొదటి ఎదకుముందే పిల్లలు పుట్టకుండ ఆపరేషను చేయించియుండినచో ఈ గడ్డ వచ్చు అవకాశము చాల తగ్గియుండెడిదమ్మా" అని ఆయన చెప్పెను.

తాత తల వంచుకొనెను. "మాకు తెలియలేదు బాబూ. గడ్డ కనబడినప్పుడైనను వెంటనే తీసికొనిరావలసినది. పసుపుతో రెండునెలలు పోగొట్టితిమి."

కుట్లు విప్పిననాడు వైద్యుడు బాలికచేతిని పట్టి, రాణి పొట్టక్రింద రెండువైపుల చన్నుల వరుసను వ్రేళ్ళతో ఎట్లు తడవి చూడవలెనో నేర్పెను. బఠాణీగింజంత గడ్డ తగిలినను తీసికొనిరమ్మనెను. ప్రతి ఆదివారమును ఆమె రాణిని రేవుమెట్లపై వెల్లకిల పరుండబెట్టి, పైనుండి క్రిందికి, క్రిందినుండి పైకి వ్రేళ్ళతో తడవి చూచును. రాణి అది ఆటయనుకొని కాళ్ళాడించుచుండును. తారీఖు, చూచిన సంగతి బాలిక తన లెక్కల పుస్తకము వెనుకటి పుటలో వ్రాసికొనుచున్నది.